నిద్ర సుఖమెరుగదా?

“మీ అమ్మగారు ఏ పక్కకి తిరిగి పడుకుంటారు సార్?”

హైదరాబాదులో లేటెక్స్ షీట్లు అమ్మే ఆయన ఫోన్లో అడిగిన మూడో ప్రశ్న ఇది. మొదటి రెండింటికీ నా దగ్గర జవాబులున్నాయి. మంచం 78 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు. అమ్మ బరువు 48 కేజీలు, నాయన 82. మూడోదానికి మాత్రం నోరు పెగల్లేదు. నాకు 35 ఏళ్ళు. అందులో సగం ఏళ్ళు ఆమెతో ఒకే ఇంట్లో పడుకున్నవాణ్ణి. “కనుక్కుని చెప్తానండీ” అని ఫోన్ పెట్టేశాను.

కర్నూలుకి ఫోన్ చేసి అడిగితే అమ్మ నవ్వింది.

“ఎట్ల పడుకుంటే ఏముందిరా? ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు. గమ్మునుండు.”

ఆ సామెత మా ఇంట్లో ఉప్పు డబ్బా లాంటిది. దేంట్లోకైనా పడుతుంది. కూరలో కారం ఎక్కువైందన్నా, ఫ్యాను తిరగలేదన్నా, చుట్టాలొచ్చి చోటు చాలకపోయినా అదే. కానీ ఏడాదిగా అమ్మకి నిద్ర సుఖమెరుగుతూనే ఉంది. రాత్రి రెండింటికి కుడి తుంటి నొప్పితో మెలకువ వస్తుంది. కింద పడుకున్న మనిషి లేవాలంటే మంచం కోడు పట్టుకోవాలి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. వయసన్నారు. చుట్టాలంతా ఏకగ్రీవంగా చెప్పింది మాత్రం ఒకటే: గట్టి పరుపు వేయించు.

ఈ ‘గట్టి పరుపు’ మాట మీద నాకు అనుమానం వచ్చి వెదికితే 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక స్పెయిన్ అధ్యయనం కనిపించింది. చాలాకాలంగా నడుము నొప్పితో ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, మిగతావాళ్ళకి మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజుల తర్వాత చూశారు. మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే మెరుగ్గా ఉంది. అది నడుము సంగతి, అమ్మది తుంటి సంగతి. అయినా గట్టిదే మంచిదన్న మాట వేదవాక్కు కాదని తేలింది.

మరి ఎంత మెత్తగా ఉండాలి? అక్కడే చిక్కు. కొట్లో రెండు నిమిషాలు చెప్పులు విప్పి పడుకుంటే తెలిసేది కాదు. అందుకే పొరలుగా కొని మనమే పేర్చుకునే పద్ధతి నాకు నచ్చింది. ఒక్కో షీటు రెండంగుళాలో మూడంగుళాలో మందం. గట్టిది అడుగున, మెత్తది పైన, మొత్తానికి జిప్పున్న ఒక గుడ్డ గలీబు. కుదరకపోతే జిప్పు తీసి వరుస మార్చుకోవచ్చు. తప్పు చేసి దిద్దుకునే వీలున్న చోట నాకు ధైర్యం ఎక్కువ. వృత్తి అలాంటిది.

కాబట్టి స్ప్రెడ్‌షీట్ తెరిచాను. లేటెక్స్ అంటే రబ్బరు పాలు. రబ్బరు చెట్టుకి ఏడాదికి 2000 మిల్లీమీటర్ల దాకా వాన కావాలి. కర్నూలులో పడేది అందులో సుమారు మూడో వంతు. కాబట్టి ఇది మన నేల సరుకు కాదు, కేరళది. చెట్టు నుంచి కారే పాలల్లో మూడో వంతు మాత్రమే రబ్బరు. దాన్ని యంత్రంలో గిర్రున తిప్పి 60 శాతానికి చిక్కబరుస్తారు. డన్‌లప్ పద్ధతిలో ఆ పాలని నురుగు వచ్చేలా గిలక్కొట్టి, అచ్చులో పోసి, ఆవిరి మీద ఉడికిస్తారు. 1929లో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ పరిశోధకులు మొదటిసారి ఆ నురుగు తీసింది కేకుల పిండి గిలక్కొట్టే మిక్సర్‌తోనట. తలలే పద్ధతిలో ఇంకో రెండు మెట్లుంటాయి. అచ్చులో గాలి లాగేసి నురుగుని పొంగిస్తారు, గడ్డకట్టించి, ఆ తర్వాత ఉడికిస్తారు. అది ఇంకాస్త ఒకేతీరుగా, మెత్తగా వస్తుంది. ధర కూడా దానికి తగ్గట్టే. నేను డన్‌లప్‌తో సరిపెట్టుకున్నాను.

మెత్తదనానికీ ఒక కొలత ఉంది. నాలుగంగుళాల మందం ముక్క మీద 50 చదరపు అంగుళాల గుండ్రటి పలక పెట్టి, మందంలో పావు వంతు అణగడానికి ఎన్ని పౌండ్ల బరువు కావాలో చూస్తారు. 20 దగ్గర మెత్తన, 35 దగ్గర గట్టి. నాకు షీట్లు చూపించిన కొట్టువాళ్ళెవరూ ఆ అంకె చెప్పలేదు, డెన్సిటీ చెప్పారు. ఘనపు మీటరుకి 65 కేజీలు, 75, 90 అని. రెండూ ఒకటి కాదు కానీ, డన్‌లప్ లేటెక్స్‌లో ఎక్కువ రబ్బరు కూరితే ఎక్కువ గట్టిగా ఉంటుంది కాబట్టి పని జరిగిపోతుంది.

అసలు కిటుకు మనిషి బరువులో ఉంది. వెల్లకిలా పడుకుంటే బరువు వీపంతా పరుచుకుంటుంది. పక్కకి పడుకుంటే భుజం మీదా తుంటి మీదా పడుతుంది. ఆ రెండూ దిగాలి, నడుము మాత్రం దిగకూడదు. 82 కేజీల మనిషి పై పొరను దాటి కింది పొర దాకా అణుగుతాడు. 48 కేజీల మనిషి పై పొరలోనే ఆగిపోతుంది. అంటే అదే పరుపు ఆయనకి మెత్తన, ఆమెకి గట్టి. అందుకే ఆ కొట్టాయన ఏ పక్కకి అని అడిగాడు. నా స్ప్రెడ్‌షీట్‌లో 14 నిలువు వరుసలున్నాయి. ఆ ఒక్క వరుస లేదు.

*

మా ఇంట్లో ఆ సంగతి తెలిసిన మనిషి ఒకాయన ఉండేవాడు. మా బంధువు కాదు. రెండు మూడేళ్ళకోసారి మా వీధికి వచ్చే దూదేకులాయన.

కర్నూలు, కడప జిల్లాల్లో దూదేకులవాళ్ళని ఎరగని ఊరు ఉండదు. బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య వాళ్ళ బిడ్డే. భుజాన నిలువెత్తు విల్లు వేసుకుని, నారిని వేలితో మీటుకుంటూ వచ్చేవాడాయన. వేరే కేక అక్కర్లేదు, ఆ శబ్దం వింటే చాలు, అమ్మ పరుపు బయటికి లాగేది. ఆయన కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని బయటకు తీసి, విల్లు కింద పెట్టి ఏకేవాడు. కాసేపటికి ఇంటి ముందు తెల్లటి మేఘం. మేం పిల్లలం అందులో దూకబోతే కసిరేవాడు. అదే దూదికి రెండు కేజీల కొత్త దూది కలిపి మళ్ళీ నింపి కుట్టేవాడు.

విప్పేముందు ఆయన చేసే పని ఒకటి నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. పరుపుని పరిచి, కాసేపు ఊరికే చూసేవాడు. దూది పరుపు మీద గుంటలు పడతాయి గదా. ఎవరు ఏ వైపు పడుకుంటారో, ఎవరు వెల్లకిలా, ఎవరు ముడుచుకుని, ఆ గుంటల్లో ఉంటుంది. “ఈడ ఇంకో పిడికెడు ఎక్కువ పెడ్తా తల్లీ” అనేవాడు అమ్మతో. కొలతలు ఏమీ అడిగేవాడు కాదు. పరుపే చెప్పేది.

ఆ పరుపు 2009 అక్టోబరు 2న పోయింది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదకొచ్చిన రోజు. నేను అప్పుడు ఇంజనీరింగ్ చదువుతూ వేరే ఊళ్ళో ఉన్నాను. నీళ్ళు దిగాక ఇంటికొస్తే వీధి పొడుగునా ఇళ్ళ ముందు పరుపుల కుప్పలు. బురదతో, నీళ్ళతో, నలుగురు పట్టినా లేవని బరువుతో. మాది కూడా అందులో ఉంది. అమ్మానాయనల పెళ్ళికి కుట్టించింది. 20 ఏళ్ళకి పైగా విప్పి, ఏకి, కలిపి, కుట్టిన దూది. దాన్ని మున్సిపాలిటీ ట్రాక్టర్‌లోకి ఎత్తేటప్పుడు అమ్మ లోపలికి వెళ్ళిపోయిందని నాయన చెప్పాడు.

బతికి బయటపడింది బొంత. మైదుకూరు దగ్గర అమ్మ పుట్టింట్లో జేజి కుట్టింది. దాన్ని నాలుగు నీళ్ళు మార్చి ఉతికి మిద్దె మీద ఆరేస్తే రెండు ఎండలకి మామూలైపోయింది.

ఆ తర్వాత నాయన మంచం మీదికి ఫోమ్ పరుపు వచ్చింది. మన ఎండలకి అది రాత్రి పదింటికి కూడా పొద్దున్నుంచీ ఎండలో నిలబెట్టిన స్కూటర్ సీటులా ఉంటుంది. అమ్మ నెల రోజులు ఓర్చుకుని కిందికి దిగింది. కింద బేతంచెర్ల బండలు, వాటి మీద ఈత చాప, చాప మీద బొంత, బొంత మీద దుప్పటి. అప్పటి నుంచీ అదే పడక.

ఇది రాస్తూ గమనిస్తే అదీ పొరల పరుపే. గట్టిది అడుగున, పోనుపోను మెత్తన. బొంతలో కూడా ఒక వరుస ఉంటుంది. జేజి కుడుతుంటే చూశాను: ముతక పంచెలు, చిరిగిన దుప్పట్లు లోపలికి, ఉతికి ఉతికి అరిగిన నూలు చీర మాత్రం పైకి. ఏ చీర పైకి రావాలో చేత్తో నిమిరి చెప్పేది. మన కావ్యాల్లో నాయికలకు ఒకటే స్పెసిఫికేషన్, హంసతూలికా తల్పం. హంస ఈకలు ఎన్ని అంగుళాలు, కింద ఏముంది, ఆ నాయిక ఏ పక్కకి పడుకునేది, ఏ కవీ పట్టించుకున్న గుర్తు లేదు. అటుచూస్తే కవులు, ఇటుచూస్తే సామెత. మా జేజి లాంటివాళ్ళు మాత్రం మధ్యలో చేత్తో నిమిరి చూసుకున్నారు.

*

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి కర్నూలు వెళ్ళాను. ఆఫీసు పనుందని చెప్పి, వాళ్ళ గది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని లాప్‌టాప్ పెట్టుకున్నాను. కన్నతల్లి నిద్రపోతుంటే కాపలా కాయడం కొంచెం దొంగతనంలాగే అనిపించింది.

నాయన మంచం మీద వెల్లకిలా. పడుకున్న ఐదు నిమిషాలకి గురక. అమ్మ కింద కుడి పక్కకి తిరిగి, కుడి చెయ్యి దిండు కింద పెట్టుకుని పడుకుంది. పన్నెండింటికి చూశాను, కుడి పక్కే. ఒంటిగంటకీ అంతే. రెండింటికి లేచి కూర్చుంది. తుంటి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు రుద్దుకుంది. ఒకసారి ఎడమ పక్కకి తిరిగింది. పది నిమిషాలు కూడా ఉండలేదు. మళ్ళీ కుడికే.

పొద్దున కాఫీ తాగుతూ అడిగాను. “రాత్రంతా కుడి పక్కకే పడుకున్నావు. నొప్పి ఉండేదే ఆ పక్క గదా? ఎడమకి తిరగొచ్చు గదమ్మా.”

“ఎడమ చెవి సరిగ్గ వినపడదు గదరా. కుడి చెవి దిండుకి అదుముకుంటే మీ నాయన గురక వినపడదు.”

మామూలుగా, పాలు పొంగకుండా చూడమన్నంత మామూలుగా చెప్పింది.

“ఎప్పటి నుంచి?”

“గురకా, చెవా?”

“చెవి.”

“మూన్నాలుగేండ్లాయె.”

రోజూ ఫోన్ చేస్తాను. ఆమె ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటుందో నాకెట్లా తెలుస్తుంది? టీవీ సౌండు ఎందుకంత పెడతావని పోయిన దసరాకి ఆమె మీద విసుక్కున్నది కూడా నేనే. నెల రోజులు రబ్బరు పాలు ఎన్ని డిగ్రీల మీద ఉడుకుతాయో చదివాను. తుంటి నొప్పికి కారణం పరుపులో కొంత, కడమది దిండు మీద చెవిలో ఉంది.

సోమవారం చెవి డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. వినికిడి తగ్గింది, మిషన్ పెట్టుకుంటే మంచిదన్నారు. “రెండు చెవులూ వినపడితే రాత్రిపూట నేనేం కావాల?” అంది బయటికొచ్చాక. రాత్రి తీసి పక్కన పెట్టుకోవచ్చని చెప్తే, అట్లయితే ఆలోచిస్తానంది.

ఆ మధ్యాహ్నమే కొట్టాయనకి ఫోన్ చేశాను. “కుడి పక్కకి సార్. రాత్రంతా.”

*

చివరికి కొన్నవి ఇవి. అడుగున మూడంగుళాల 90 డెన్సిటీ షీటు, మంచమంతా ఒకటే. దాని మీద రెండంగుళాల 75, పైన రెండంగుళాల 65. పై రెండు పొరలనీ 30 అంగుళాల వెడల్పున రెండేసి ముక్కలుగా కోయించాను. అమ్మ వైపు 75 కింద, 65 పైన. నాయన వైపు అవే షీట్లు తిరగేసి, 65 కింద, 75 పైన. సరుకంతా ఒకటే. వరుస మారిస్తే రెండు వేరే పరుపులు. అన్నీ కలిపి 42 కేజీల దాకా తూగింది. షీటుని ఒక అంచు పట్టుకుని లాగితే దాని బరువుకి అదే చిరుగుతుంది. పసిపిల్లని ఎత్తినట్టు కింద చేతులు పెట్టి ఇద్దరు మోయాలి.

గలీబు తొడిగే ముందు నాయన వంగి వాసన చూశాడు. “పంచరు షాపు” అన్నాడు. వారం రోజుల్లో ఆ వాసన పోయింది. అమ్మ షీటు నిండా ఉన్న సన్నటి బొక్కల్లో వేలు పెట్టి ఇవెందుకని అడిగింది. గాలి ఆడడానికని ధీమాగా చెప్పాను. సగమే నిజం. అచ్చులో నిండా లోహపు కడ్డీలుంటాయి, మధ్యలోకి వేడి వెళ్ళి లోపల కూడా సమంగా ఉడకడానికి. ఆ కడ్డీలు తీసేసిన చోట మిగిలినవే ఈ బొక్కలు. గాలి తర్వాతి లాభం.

మొదటి రెండు రాత్రులు ఏ తేడా లేదంది. మూడో రోజు చూస్తే పరుపు మీద బొంత పరిచి ఉంది. నాలుగు పొరల గుడ్డని దగ్గర దగ్గరగా దారంతో బిగించిన బొంత, డప్పు మీద చర్మంలాంటిది. దాని కింద మెత్తని పొర ఎంతున్నా తుంటి దిగదు. అది చెప్పాను. ఆమెకి నచ్చలేదు. “దుప్పటొక్కటేసుకుని దీని మీద పడుకుంటే ఒంటరిగా ఉన్నట్టుందిరా” అంది. నాకు దానికి కొలత లేదు. చివరికి బొంత అడుగుకి వెళ్ళింది, మంచం చెక్కకీ 90 షీటుకీ మధ్య. చెక్క గరుకు షీటుకి తగలకుండా అక్కడ ఏదో ఒక గుడ్డ ఎటూ కావాలి. పైన ఆమె పాత నూలు చీర ఒకటి పరిచాం. చేత్తో నిమిరి ఆమే ఎంచింది.

అసలు గొడవ మార్చిలో వచ్చింది. వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే వెనకాల మిద్దె, మిద్దె మీద ఎండలో రెండు తెల్లటి షీట్లు. ఒక్కోటి ఐదు కేజీలు కూడా ఉండదు కదా, పనమ్మాయిని పట్టుకుని పైకి చేర్చేసింది. నేను అరిచాను. లేటెక్స్‌కి ఎండ పడదు, పసుపు రంగు తిరిగి, పొడి పొడిగా రాలుతుంది. కిటికీలో మరిచిపోయిన రబ్బరు బ్యాండు గతే దానికీ పడుతుంది.

“ఎండ తగలని పరుపు అదేం పరుపురా?” అంది అమ్మ.

జవాబు చెప్పలేకపోయాను. వాన కరువైన మన సీమలో ఎండే గదా చాకలి. పరుపైనా, మిరపకాయలైనా, బొంతైనా, వరద నీళ్ళలో నానిన పుస్తకాలైనా మిద్దె మీదికే చేరుస్తాం. ఆ ఎండ పడని వస్తువుని నేను తెచ్చి ఆమె ఇంట్లో పెట్టాను. ఇప్పుడు షీట్లని వెనక గదిలో ఫ్యాను కింద ఆరబెడుతుంది. గలీబు మాత్రం మిద్దెక్కుతుంది.

నాలుగు నెలలైంది. నొప్పి పోయిందని చెప్పను. “రూపాయికి ఆరణాలు మిగిలింది” అంటుంది. రెండింటికి లేవడం వారంలో రెండు రోజులకి తగ్గింది. మంచం మీద పడుకోవడం వల్ల లేవడం సులువైంది, అది పరుపు గొప్ప కాదు, మంచం ఎత్తు గొప్ప. మే నెల మధ్యాహ్నాలు మాత్రం పరుపూ లేదు, చాపా లేదు. నీళ్ళు చల్లి తుడిచిన బండల మీద చేతిని తలకింద పెట్టుకుని పడుకుంటుంది. నేను ఏమీ అనలేదు. ఎండాకాలం బండని మించిన పొర నా స్ప్రెడ్‌షీట్‌లో లేదు.

సామెత మీద కూడా ఇప్పుడు నాకు కోపం లేదు. ఒళ్ళు విరిగేలా పనిచేసి వచ్చినవాళ్ళకి అది నిజమే. కానీ దాన్ని ఇంట్లో చాలా ఏళ్ళు అమ్మ చేత చెప్పించుకుని మేం హాయిగా పడుకున్నాం. మంచం నాయనకి, కొత్త దుప్పటి నాకు, సామెత ఆమెకి.

పోయిన వారం వెళ్ళినప్పుడు జిప్పు తీసి పై షీటు చూశాను. ఎక్కడా గుంట లేదు. అరచేత్తో గట్టిగా నొక్కి తీస్తే రెప్పపాటులో మామూలైపోయింది. మంచి లేటెక్స్ లక్షణం అదే. కానీ రాత్రి ఎవరు ఎట్లా పడుకున్నారో పొద్దునకి దాని మీద ఏమీ మిగలదు. ఆ దూదేకులాయన వచ్చి చూసినా చదవడానికి ఏమీ ఉండదు.

అందుకని ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా’ తర్వాత ఇంకో ప్రశ్న చేర్చాను. ఏ పక్కకి పడుకున్నావు అని. “పనీపాటా లేదా రా నీకు” అంటుంది. అని, చెప్తుంది.